కొండెక్కి ఏం చూసొచ్చాం?



ఒక ఆదివారం హిందూపురంలో త్రిశరణ పంచశీలాలు చెప్పుకోవడం అయిపోయి అందరం టీ తాగుతున్నాం. ఒక తమ్ముడు సెల్లు తీసి కొన్ని ఫోటోలు చూపించాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే మన కాలనీ పిల్లోడు కంపెనీ పనిమీద జపాన్ పోయి, సెలవు రోజు కామకుర అనే ఊరు చూసి పంపిన ఫోటోలవి. టోక్యోకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఆ ఊరు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. అక్కడ పైకప్పు లేకుండా, ఆకాశం కింద, కంచుతో పోసిన పెద్ద బుద్ధుడు కూర్చుని ఉంటాడు. 13వ శతాబ్దంలో పోసిన విగ్రహం. ఎత్తు 11 మీటర్లకు పైనే. ఒకప్పుడు దానిమీద పెద్ద మందిరం ఉండేదంట. తుఫాన్లూ సముద్రపు ఉప్పెనా దాన్ని ఊడ్చుకుపోయాయి. 15వ శతాబ్దం చివరి నుంచి ఆ బుద్ధుడు ఎండకూ వానకూ అట్లే కూర్చున్నాడు.

సెల్లు చేతులు మారింది. ఒక పెద్దాయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఒక అక్క మాత్రం, "మనకు అంత దూరం యాడ సాధ్యమవుతాదప్పా? కొండా, సముద్రం, బుద్ధుడు మూడూ ఒగే చోట ఉండే ఊరు మనకు ల్యాదా?" అని అడిగింది.

ఉంది. విశాఖపట్నం. కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, యారాడ, సింహాచలం కొండలు ఊరిని చుట్టుకొని ఉంటాయి. ముందర బంగాళాఖాతం. భీమిలి పోయే దారిలో తొట్లకొండ, బావికొండ, ఇంకా ముందుకు పోతే పావురాళ్లకొండ. అన్నీ పాత బౌద్ధారామాలే. అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ. మనం పోవచ్చు కదా అన్నాను.

అక్కడే గొడవ మొదలైంది. ధర్మవరంలో మగ్గం నేసే పెద్దాయన ఒకరు, "తిరుపతి మానుకున్యాం, కాశీ మాటే ల్యాదు. మళ్లీ ఇంగొగ కొండకు మొక్కేదానికి పోవాల్నా?" అన్నాడు. ఒక కుర్రాడు, "మొక్కేదానికి గాదు పెద్దాయనా, చూసేదానికి" అన్నాడు. "వట్టిగా చూసేదానికైతే దుడ్లు దండగ. మగ్గం నాలుగు దినాలు ఆగితే కూలి ఎవరిస్తారు?" అని ఆయన.

ఇద్దరి మాటా తీసిపారేసేది కాదు. మొక్కడానికి పోతే మనం వదిలేసి వచ్చినదాంట్లోకే మళ్లీ పోయినట్టు. ఊరికే చూసి రావడానికి పోతే రెక్కాడితేగాని డొక్కాడని మనకు అది తగునా? ధమ్మంలోకి వచ్చిన మనిషికి యాత్ర అనేది ఉందా? ఉంటే అందులో చూడాల్సింది ఏమిటి? ఈ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. పోయొచ్చినాక దొరికినంత జవాబు ఇక్కడ రాస్తున్నాను.

రైల్లో రెండు గుంపులు

మొత్తం 38 మందిమి బయలుదేరాం. పెనుకొండ వాళ్లు హిందూపురం వచ్చి మాతో కలిశారు. ధర్మవరం వాళ్లు వాళ్ల స్టేషన్లో ఎక్కారు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ రాత్రంతా నడిచి మరుసటి రోజుకు విశాఖ చేరుస్తుంది. పిల్లలు కిటికీలు వదల్లేదు. పాటలు, నవ్వులు, బాబాసాహెబ్ జయంతికి వేసిన నాటకంలోని డైలాగులు.

రాత్రి భోజనాల వేళ మూటలు విప్పాం. చిత్రాన్నం, రొట్టెలు, చెనిక్కాయల పొడి, పెరుగన్నం. విప్పడం ఒకేసారి విప్పాం. కూర్చోవడం మాత్రం రెండు గుంపులుగా కూర్చున్నాం. మాల ఇండ్ల వాళ్లు ఒక పక్క, మాదిగ ఇండ్ల వాళ్లు ఇంకో పక్క. ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. మన కాళ్లు వాటంతట అవే ఆ పక్కకు, ఈ పక్కకు పోయాయి. అందరం 22 ప్రతిజ్ఞలు చదివినవాళ్లమే. అందులో మనుషులంతా సమానమని నమ్ముతానని మనం చేసిన ప్రమాణం కూడా ఉంది.

నేను చూశాను. చూసి కూడా నా అలవాటు పక్కనే కూర్చుని తిన్నాను. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది మిగతావాళ్ల తప్పుల గురించి మాత్రమే కాదు.

తొట్లకొండ మీద టెంకాయ

విశాఖలో మొదట సముద్రం దగ్గరికే పోయాం. దేశంలో వాన అతి తక్కువగా పడే జిల్లాల్లో ఒకటి మనది. బోరు వెయ్యి అడుగులు తవ్వినా తడి తగలని పొలాలు చూసి పెరిగిన మనుషులం. ధర్మవరం పెద్దమ్మ ఒకామె ఆర్కే బీచిలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చానాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇన్ని నీళ్లుండాయి, తాగేదానికి చుక్క పనికి రాదంట" అని నవ్వింది. పిల్లలు కుర్సురా జలాంతర్గామిలోకి దూరి వచ్చారు. అంత ఇరుకు చోట మనుషులు నెలల తరబడి ఎట్లా ఉంటారా అని రాత్రంతా వాళ్లకదే మాట.

రెండో రోజు తొట్లకొండ ఎక్కాం. విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో ఊరికి సుమారు 16 కిలోమీటర్లు. కొండ మీదినుంచి చూస్తే కింద సముద్రం నీలంగా పరుచుకుని ఉంటుంది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ భిక్షువులు ఉండేవారు. 1970ల దాకా ఈ ఆరామం సంగతి లోకానికి తెలియదు. నౌకాదళం వాళ్లు విమానాల మీదినుంచి సర్వే చేసినప్పుడు బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చిన్న చిన్న స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల బయటికి వచ్చాయి. శాతవాహనుల సీసపు నాణేలూ రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే సముద్రం మీద వ్యాపారం చేసే వాళ్లు ఈ ఆరామానికి వస్తూపోతూ ఉండేవాళ్లన్నమాట. కొండరాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టి కొండకు ఆ పేరు వచ్చింది. వాన నీళ్లు ఆ తొట్లలోకి చేరి, సంఘం మొత్తానికీ ఏడాది పొడుగునా సరిపోవాలి.

నేను చేతిలో కాగితాలు పట్టుకుని ఇదంతా చదువుతున్నాను. నా వెనక ఏదో గలాటా వినపడింది.

ఏమంటే, సముద్రంలో నిలబడి నవ్విన ఆ పెద్దమ్మే సంచిలోంచి టెంకాయ, కర్పూరం తీసి స్తూపం ముందర పెట్టింది. ధర్మవరం నుంచి మోసుకొచ్చింది. మనవడి ఉద్యోగానికి మొక్కుకున్నదంట. ఒక కుర్రాడు ఆ టెంకాయ లాక్కున్నాడు. "ప్రతిజ్ఞలు తీసుకున్యావు గదా! సిగ్గు ల్యాదా?" అని అందరి ముందరా అరిచాడు. ఆమె కండ్లలో నీళ్లు తిరిగాయి. అయినా గొంతు తగ్గించలేదు.

"నాయనా, తిరుమల కొండకు పోయినప్పుడు ఉత్తచేతుల్తో పోకూడదని నేర్పినారు. ఇది మన కొండ అంటిరి. మన కొండకు ఉత్తచేతుల్తో యెట్ల వచ్చేది? నాకెవురు నేర్పినారు? సరే, నాది తప్పే. ఇందాక నువ్వు ఆ ఇటుకల మీదికెక్కి, చెప్పుకాళ్లతో నిలబడి ఫోటో దిగితివే. అది ఒప్పేనా?"

కుర్రాడి నోట మాట లేదు. నిజమే, వాడు స్తూపం కట్టు మీదికెక్కి సెల్ఫీ దిగాడు. 2019 అక్టోబరు వానలకు ఈ మహాస్తూపం ఒక పక్క కూలితే మళ్లీ కట్టాల్సి వచ్చింది. అంత నలిగిన కట్టడం అది. కాగితాలు చదవడంలో మునిగి నేను అదీ చూడలేదు, పెద్దమ్మ సంచీ చూడలేదు.

ముగ్గురం కొండెక్కాం. ఒకరు మొక్కడానికి, ఒకరు ఫోటోకు, ఒకరు ఉపన్యాసానికి. ముగ్గురిలో కొండను చూసింది ఎవరు?

పుణ్ణిక అడిగిన ప్రశ్న

తీర్థయాత్రల వల్ల పాపాలు పోతాయనే మాటను బుద్ధుని సంఘంలో అందరికంటే గట్టిగా పడగొట్టింది ఒక దాసి. ఆమె పేరు పుణ్ణిక. అనాథపిండికుని ఇంట్లో నీళ్లు మోసే పనిమనిషి. థేరీగాథలో ఆమె కథ ఉంది. చలికాలంలో యజమానుల తిట్లకు భయపడి నీళ్లలో దిగే ఆమె, పాపం కడుక్కోవడానికి అదే చలిలో వణుకుతూ మునుగుతున్న ఒక బ్రాహ్మణుణ్ని చూసింది. నీళ్లకే పాపం పోయేటట్లయితే కప్పలు, తాబేళ్లు, మొసళ్లు అన్నీ స్వర్గానికి పోవాలి కదా అని అడిగింది. నది పాపాన్ని కడిగితే పుణ్యాన్ని కూడా కడిగేస్తుంది, అప్పుడు నీకేం మిగులుతుంది అని కూడా అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. కూలికి నీళ్లు మోసే మనిషికి నీళ్ల గుణం బాగా తెలుసు. అందుకే ఆ ప్రశ్న ఆమెకే తట్టింది.

కాబట్టి పెద్దమ్మా, తొట్లకొండ ఎక్కినందుకు మనవడికి ఉద్యోగం రాదు. బావికొండ మట్టి బొట్టు పెట్టుకుంటే జ్వరం తగ్గదు. ఇందులో మొహమాటం లేదు.

అయితే అదే బుద్ధుడు తన చివరి రోజుల్లో ఆనందుడికి నాలుగు చోట్లు చెప్పాడు. తాను పుట్టిన చోటు, జ్ఞానం పొందిన చోటు, మొదటిసారి ధమ్మం చెప్పిన చోటు, కన్నుమూసిన చోటు. శ్రద్ధ ఉన్నవాళ్లు వాటిని చూడాలన్నాడు. చూస్తే ఏమవుతుందని? పాలిలో దానికి 'సంవేగం' అనే మాట ఉంది. మనసు కదిలిపోవడం, ఉలిక్కిపడి మేలుకోవడం. ఇక్కడ నాలాంటి మనిషే ఒకడు పుట్టాడు, ఆలోచించాడు, నడిచాడు, చనిపోయాడు, మరి నా జీవితం సంగతేమిటి అని లోపల కదిలిపోవడమే ఆ చూపు. ఆ సుత్తంలోనే, యాత్రలో ప్రసన్నమైన మనసుతో చనిపోయినవాళ్లకు సుగతి కలుగుతుందనే మాట కూడా ఉంది. దాచడం ఎందుకు? పాత గ్రంథాల్లో ఉన్నదాన్ని కూడా బుద్ధికి పెట్టి చూసుకోమనే బాబాసాహెబ్ నేర్పాడు. నాకైతే ఆ స్వర్గం మాట కంటే సంవేగం మాటే బుద్ధుడి మిగతా బోధకు సరిపోతుంది.

వక్కలి కథ చూడండి. జబ్బుతో మంచం పట్టిన భిక్షువు. లేచి వచ్చి బుద్ధుణ్ని కళ్లారా చూడలేకపోతున్నానని కుమిలిపోయాడు. బుద్ధుడే ఆయన దగ్గరికి వచ్చాడు. ఈ పాడయ్యే శరీరాన్ని చూస్తే ఏమొస్తుంది, ధమ్మాన్ని చూసినవాడే నన్ను చూసినట్టు అని చెప్పాడు. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, రూపం చూడటం గొప్ప కాదని చెప్పాడు. రెండోది, ఆ మాట కబురు పెట్టి చెప్పలేదు, జబ్బుపడ్డ మనిషి మంచం దాకా నడిచి వచ్చి చెప్పాడు. తొట్లకొండ మీద మా కుర్రాడు మొదటి సంగతి పట్టుకున్నాడు, రెండోది వదిలేశాడు. ధమ్మం చెప్పాడు గానీ పెద్దమ్మ దాకా రాలేదు.

మన పక్కనే రాసి ఉంది

ఊరికే చూసొచ్చే యాత్రకూ ధమ్మయాత్రకూ తేడా ఏమిటో తెలుసుకోవడానికి జపాన్ దాకా, కనీసం విశాఖ దాకా కూడా పోనక్కర్లేదు. గుత్తి పక్కన ఎర్రగుడి బండల మీద అశోకుడు రాయించి పెట్టాడు. అక్కడ ఆయన పద్నాలుగు ప్రధాన శాసనాలూ ఉన్నాయి. ఎనిమిదో శాసనం విషయం ఇదే. పూర్వపు రాజులు విహారయాత్రలకు పోయేవాళ్లు, వాటిలో వేట ఉండేది, మిగతా వినోదాలు ఉండేవి. అశోకుడు పట్టాభిషేకమైన పదో ఏట సంబోధికి, అంటే బోధగయకు పోయాడు. అప్పటినుంచి ధమ్మయాత్రలు మొదలయ్యాయి.

ఆ ధమ్మయాత్రలో ఏం చేసేవాళ్లని రాశాడో చూడండి. శ్రమణులను, బ్రాహ్మణులను కలవడం, దానం చేయడం. ముసలివాళ్లను కలవడం, వాళ్లకు ధనసహాయం చేయడం. పల్లెల జనాన్ని కలవడం, ధమ్మం గురించి వాళ్లతో మాట్లాడటం, వాళ్లను అడగడం. ఈ జాబితా నిండా మనుషులే. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట మన పక్క బండ మీద చెక్కిన ఈ మాటను మనలో ఎంతమందిమి పోయి చూశాం? నేను నలభై దాటినాకనే చూశాను.

చూసే హక్కు

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. సరదాగా ఊర్లు చూడటం బౌద్ధులకు తప్పా? కాదు. మనకైతే అది పోరాడి తెచ్చుకున్న హక్కు.

1934లో ఉద్యమంలో తనతో పనిచేసేవాళ్లు, అన్నా అందరం కలిసి కొన్ని ఊర్లు చూసొద్దాం అని అడిగితే బాబాసాహెబ్ సరేనన్నాడు. సుమారు ముప్పై మంది. ఏం చూసినా చూడకపోయినా వేరుళ్‌లో, అంటే ఎల్లోరాలో, బౌద్ధ గుహలు మాత్రం చూసి తీరాలని అనుకున్నారు. దారిలో నిజాం రాజ్యంలో ఉన్న దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలు అక్కడి చెరువు నీళ్లతో కడుక్కున్నారు. అంతే. అంటరానివాళ్లు చెరువును మైల చేశారని ఒక ముసలాయన అరిచాడు, జనం పోగయ్యారు, తిట్లు, బెదిరింపులు. చివరికి కోట చూడనిచ్చారు గానీ, లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోకుండా కాపలాగా ఒక సాయుధ సిపాయిని వెంట పంపారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే రచనలో ఆయన ఈ సంగతి రాశారు. అంటరానితనం ఒక్క మతం గీత దగ్గర ఆగే జబ్బు కాదని చెప్పడానికే దాన్ని చెప్పారు.

ఒక్కసారి ఆలోచించండి. కొలంబియాలో, లండన్‌లో చదివి, రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చుని వచ్చిన మనిషి. స్నేహితులతో సరదాగా ఒక కోట చూడటానికి పోతే వెనకాల తుపాకీ. ఆ మనిషే తర్వాత వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో, 1945లో ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవులు చట్టంలోకి వచ్చాయి. 1946లో వారానికి పనిగంటలు 48కి తగ్గాయి. పనిచేసే మనిషికి విశ్రాంతి కావాలి, కుటుంబంతో ఒక పూట గడపాలి, లోకం చూడాలి. కుర్రాళ్లు బీచిలో ఎగిరితే, కైలాసగిరి రోప్‌వే ఎక్కి కేకలు పెడితే నాకు ఆనందమే. మగ్గం కూలి పోతుందన్న పెద్దాయన బాధ మాత్రం నిజమైనది. అందుకే యాత్ర కోసం అప్పు చేయకూడదు. పోలేనివాళ్లను తక్కువగా చూడకూడదు. పోయినవాళ్లు ఏదో సంపాదించుకొచ్చినట్టు మెళ్లో పూలదండలు వేసుకోకూడదు.

రాతి మీద పేరు

మళ్లీ ఆ కామకుర ఫోటో దగ్గరికి వస్తాను. ఆ విగ్రహం గోతమ బుద్ధుడిది కాదు, అమితాభుడిది. ఆ పేరు తలుచుకుంటే సుఖావతి అనే లోకంలో పుడతామని అక్కడివాళ్ల నమ్మకం. 12వ శతాబ్దం చివరినుంచి 1333 దాకా ఆ ఊరు సమురాయ్ యోధుల ప్రభుత్వానికి రాజధాని. ఆ ఊరూ ఆ విగ్రహం అందమైనవే. అందులో సందేహం లేదు.

కానీ ఆ దేశంలో ఇంకో సంగతి కూడా చూడాలి. జపాన్‌లో కొన్ని వందల ఏళ్లుగా తోలు పని, కళేబరాలు తీసే పని, శిక్షలు అమలుచేసే పని చేసే మనుషులను మైలవాళ్లని ఊరి బయట పెట్టారు. ఇప్పుడు వాళ్లను బురాకుమిన్ అంటారు. 1871లో ప్రభుత్వం ఆ అంతస్తును చట్టం ద్వారా రద్దు చేసింది. వివక్ష పోలేదు. 1922 మార్చి 3న క్యోటోలో వాళ్లు సుయిహెయ్‌షా అనే సంఘం పెట్టుకుని తలెత్తారు. మన మహాడ్ చెరువు పోరాటానికి అయిదేళ్ల ముందు.

ఇందులో మనకు గుండెకు తగిలే సంగతి ఒకటుంది. జపాన్‌లో చనిపోయినవాళ్లకు బౌద్ధ గురువులు ఒక ధమ్మనామం పెట్టి, దాన్ని సమాధి రాయి మీద చెక్కిస్తారు. బురాకు మనుషులు చనిపోతే, చాలా చోట్ల, పశువు, నీచుడు, బానిస అనే అర్థాలు వచ్చే అక్షరాలు కలిపి పేర్లు పెట్టారు. బతికినన్నాళ్లూ ఊరి బయట ఉంచి, చచ్చినాక కూడా రాతిమీద ఆ గుర్తు వేశారు. వేసింది బుద్ధుడి పేరు చెప్పే గురువులే. 1979లో ఒక అంతర్జాతీయ మత సభలో, ఒక పెద్ద జెన్ శాఖ నాయకుడు మా దేశంలో అలాంటి వివక్ష లేదని అన్నాడు. బురాకు సంఘాలు ఊరుకోలేదు, నిలదీశాయి. తర్వాత ఆ శాఖ తప్పు ఒప్పుకుంది. గుళ్ల రికార్డులు తీసి, సమాధుల మీద పేర్లు దిద్దే పని మొదలైంది.

ఇప్పుడు మన అమరావతికి రండి. ధాన్యకటక మహాస్తూపానికి దానం చేసినవాళ్ల పేర్లు రాళ్లమీద ఉన్నాయి. వాటిలో పూర్ణఘటం చెక్కిన ఒక అందమైన ఫలకం ఉంది. దాన్ని ఇచ్చినవాడు విధికుడు. ఆయన తన పనిని దాచుకోలేదు. 'చమ్మకార', అంటే తోలు పనివాడు అని రాతిమీద రాయించుకున్నాడు. తన కుటుంబం వాళ్లతో కలిసి ఇచ్చాడు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట మన తెలుగు నేలమీద ఒక తోలు పనివాడి పేరు, స్తూపం మీద, గౌరవంగా నిలిచింది.

ఒకచోట తోలు పనివాడి పేరు స్తూపం మీద. ఇంకోచోట తోలు పనివాడి సమాధి మీద అవమానం. రెండు చోట్లా బుద్ధుడి పేరే. అంటే విగ్రహం ఎంత పెద్దదైనా, కొండ ఎంత అందమైనదైనా, అది తనంతట తాను కులాన్ని తీసేయదు. పక్కనున్న మనిషిని ఎట్లా చూస్తామన్నదాన్ని బట్టే అది బుద్ధుడి చోటు అవుతుంది, లేకుంటే కాదు.

తొట్లకొండ మీద కాగితాలు మడిచి పెట్టి ఈ విధికుడి సంగతి చెప్పాను. చెప్పేటప్పుడు నాకు రైల్లోని రెండు గుంపులు కళ్లముందు మెదిలాయి. చెప్పేశాను కూడా. మొన్న రాత్రి మనం ఎట్లా కూర్చున్నామో చూశారా, నేనూ అట్లే కూర్చున్నాను అని. చానాసేపు ఎవరూ మాట్లాడలేదు. గాలి హోరు మాత్రం వినపడింది.

చివరికి పెద్దమ్మే కదిలింది. కుర్రాడి చేతిలో ఇంకా ఆ టెంకాయ ఉంది. "ఇటు తే నాయనా" అని తీసుకుని, స్తూపానికి దూరంగా, మెట్ల దగ్గర బండ మీద కొట్టింది. "దేవుడికి వద్దంటిరి గదా, మనుషులకు ఇస్తా" అని ముక్కలు చేసి, బొరుగుల్లో కలిపి, అందరి చేతుల్లో పెట్టింది. అక్కడ ఊడ్చే ఆడమనుషులిద్దరికి కూడా ఇచ్చింది. కుర్రాడు మొదట ఆమె చేతిలోంచే తీసుకున్నాడు. ఎవరి ఇంటి పేరు ఏమిటని ఆ పూట ఎవరూ చూసుకోలేదు. తర్వాత ఆ తొట్ల దగ్గర కూర్చుని ఆమె అడిగిన ప్రశ్న నా ఉపన్యాసం మొత్తానికంటే మేలు. "ఈ నీళ్లు అందరూ తాగినారా, ఒగరు ముందు, ఒగరు వెనకాలా?" అని.

తిరిగొచ్చినాక

మూడో రోజు అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండకు పోయాం. బుద్ధుని కొండే జనం నోట్లో బొజ్జన్నకొండ అయింది. సంఘారామం అనే మాటే శంకరం ఊరి పేరు అయింది. పక్కనున్న లింగాలకొండ మీద బండల్ని తొలిచి చేసిన స్తూపాలు వరుసగా ఉంటే, జనం వాటిని లింగాలనుకున్నారు. కొండమీద బొజ్జలాగా ఉన్న ఒక కట్టడాన్ని రాక్షసుడి బొజ్జ అనుకుని పాత రోజుల్లో రాళ్లతో కొట్టేవాళ్లంట. వారసత్వ కట్టడాల కోసం పనిచేసేవాళ్లు పూనుకుని చెప్పాక ఆ ఆచారం ఆగింది. కొట్టినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లకు అది ఏమిటో చెప్పినవాళ్లు లేరు. చెప్పినాక మానేశారు. పెద్దమ్మ టెంకాయకూ ఆ రాళ్లకూ మందు ఒక్కటే, దగ్గరికి పోయి చెప్పడం.

ఇక్కడ నాకు దొరికిన జవాబు చెప్పి ముగిస్తాను. ధమ్మంలోకి వచ్చినవాళ్లకు యాత్ర ఉంది. అది పుణ్యం కోసం కాదు. పోయినందుకు ఏదీ రాదు, పోనందుకు ఏదీ పోదు. యాత్ర ఫలించిందా లేదా అనేది కొండమీద తేలదు, ఇంటికి వచ్చినాక తేలుతుంది. వచ్చినాక మన కంటికి కొత్తగా ఏం కనపడుతోంది? ఎవరు కనపడుతున్నారు? అదే కొలత.

కాబట్టి ఇకముందు మన బృందాలు పోయేటప్పుడు ఈ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకుందాం.

ఒకటి, అప్పు చేసి పోవద్దు. ఏడాది ముందునుంచి నెలనెలా కొంచెం కొంచెం వేసుకుందాం. ముసలివాళ్లలో ఒకరిద్దరి ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. అశోకుడి జాబితాలో ముసలివాళ్లు ఉన్నారు, మర్చిపోవద్దు.

రెండు, పాత ఇటుకల మీద ఎక్కొద్దు, పేర్లు గీకొద్దు, పసుపు కుంకుమలు చల్లొద్దు. ఆ ఇటుకలు మన తాతల సంతకాలు.

మూడు, తప్పు చేసినవాళ్లను నలుగురిలో సిగ్గుపరచొద్దు. పక్కకు పిలిచి, కూర్చుని, తెలిసేటట్టు చెప్పాలి. మనలో ఎవరం ప్రతిజ్ఞలు తీసుకున్న మరునాడే పాత అలవాట్లన్నీ వదిలేశామో చెప్పండి?

నాలుగు, రైల్లో గానీ బస్సులో గానీ అన్నం మూటలు ఒకేచోట విప్పాలి. కలిపి వడ్డించాలి. ఈ ఒక్క పనీ చేయలేకపోతే టికెట్లు రద్దు చేసుకుని ఇంట్లో ఉండటం మేలు.

పోలేనివాళ్లు బాధపడొద్దు. పెనుకొండ కొండ మనకు రోజూ కనపడుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి తెచ్చుకున్నారు. గగన్ మహల్ చూడటానికి జనం వస్తారు, రాజుల పేర్లు చెప్పుకుంటారు. ఆ కోట గోడల్లో ఒక్కో రాయి ఎత్తి పెట్టిన చేతులు ఎవరివి? వాళ్ల పేర్లు ఏ రాతిమీదా లేవు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుపోయి, ఆ గోడ ముందు నిలబడి, ఆ ప్రశ్న అడగండి. సంవేగం కలగడానికి సముద్రం ఉండి తీరాలని లేదు.

తిరుగు ప్రయాణంలో అందరం కలిసిపోయామని అబద్ధం చెప్పను. ఆ రాత్రి కూడా ఇద్దరు ముగ్గురు పై బెర్తు ఎక్కి, ఆకలి లేదని పడుకున్నారు. మిగతావాళ్లం ఒకేచోట కూర్చున్నాం. పెద్దమ్మ రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. నలభై ఏళ్లు దాటిన మనిషిని, ఇన్నేళ్లుగా సభల్లో సమానత్వం గురించి మాట్లాడుతున్నవాణ్ని, ఆ ఇంటి రొట్టె తినడం అదే మొదటిసారి. సిగ్గుతో రాస్తున్నాను. మీరు అంత ఆలస్యం చేయొద్దని రాస్తున్నాను.

మీ ఊరినుంచి ఈసారి ఏ కొండకు పోయినా, పోయే ముందు ఒక పని చేయండి. మీ వీధి దాటి పక్క వీధిలోకి పోయి, ఒక ఇంట్లో కూర్చుని, నీళ్లడిగి తాగి రండి. యాత్ర అక్కడే మొదలవుతుంది.

నమో బుద్ధాయ. జై భీమ్.